సంభావ్యత: గుణించే ముందు అడగవలసిన ప్రశ్న



2025 డిసెంబరు 6న విశాఖపట్నంలో భారత్, దక్షిణాఫ్రికా జట్ల మధ్య ఒకరోజు క్రికెట్ మ్యాచ్ జరిగింది. ఆ రోజు ఒక్క బంతి కూడా వేయకముందే ఒక విషయం వార్త అయిపోయింది. భారత కెప్టెన్ టాస్ గెలిచాడు! టాస్ గెలవడం కూడా ఒక వార్తేనా అని మీరు అడగవచ్చు. 2023 నవంబరులో అహ్మదాబాదులో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ మొదలుకొని విశాఖ మ్యాచ్‌కు ముందు మ్యాచ్ వరకు, భారత పురుషుల జట్టు ఒకరోజు మ్యాచ్‌లలో వరుసగా 20 సార్లు టాస్ ఓడిపోయింది. అందుకే అది వార్త.

విశాఖలో నాణెం ఎగురవేయడానికి ముందు మీ మిత్రులిద్దరు వాదించుకుంటున్నారని అనుకోండి. ఒకరు, "20 సార్లు ఓడాం కాబట్టి ఈసారి గెలిచి తీరతాం" అంటారు. ఇంకొకరు, "మన అదృష్టమే బాగాలేదు, ఈసారీ ఓడతాం" అంటారు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? ఈ పాఠం సగానికి వచ్చేసరికి మీరే సమాధానం చెప్పగలుగుతారు. పాఠం చివరికి వచ్చేసరికి, ఇదే లెక్క ఒక కుటుంబం ఆరోగ్యాన్నీ, ఒక తల్లి జైలు శిక్షనూ ఎలా నిర్ణయించిందో కూడా తెలుసుకుంటారు.

ఈ పాఠంలో మనం నాలుగు విషయాలు నేర్చుకుంటాం. సరళ ఘటన సంభావ్యత కనుక్కోవడం, సంయుక్త ఘటనలకు ఎప్పుడు కూడాలో ఎప్పుడు గుణించాలో తెలుసుకోవడం, సంభావ్యతను అనుకూల, ప్రతికూల నిష్పత్తులుగా మార్చడం, ఈ సూత్రాలను నిజ జీవితంలో వాడేటప్పుడు జరిగే పొరపాట్లను గుర్తించడం.

1. మొదట కొన్ని మాటలు

ఫలితం ముందుగా చెప్పలేని ప్రయోగాన్ని యాదృచ్ఛిక ప్రయోగం అంటారు. నాణెం ఎగురవేయడం, పాచిక వేయడం ఇలాంటివి. ఆ ప్రయోగంలో రాగల ఫలితాలన్నింటి సమితి ప్రతిరూప ఆవరణ. నాణేనికి బొమ్మ, బొరుసు అని రెండు ఫలితాలు. పాచికకు 1 నుంచి 6 వరకు ఆరు ఫలితాలు.

ప్రతిరూప ఆవరణలోని ఏ ఉపసమితినైనా ఘటన అంటారు. పాచిక మీద 5 పడడం ఒకే ఫలితం గల ఘటన, కనుక అది సరళ ఘటన. పాచిక మీద సరిసంఖ్య పడడం 2, 4, 6 అనే మూడు ఫలితాలతో ఏర్పడింది, కనుక అది సంయుక్త ఘటన.

ఫలితాలన్నీ సమసంభవాలైతే, అంటే ఏ ఒక్కదానికీ మిగిలినవాటి కంటే ఎక్కువ అవకాశం లేకపోతే,

ఘటన సంభావ్యత = అనుకూల ఫలితాల సంఖ్య ÷ మొత్తం ఫలితాల సంఖ్య

కాబట్టి పాచిక మీద 5 పడే సంభావ్యత 1/6. సరిసంఖ్య పడే సంభావ్యత 3/6, అంటే 1/2. సంభావ్యత ఎప్పుడూ 0 కి 1 కి మధ్యనే ఉంటుంది. అసంభవ ఘటనకు 0, నిశ్చిత ఘటనకు 1. మీ లెక్కలో 1 కంటే ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశారని వెంటనే గుర్తించండి.

2. 'సమసంభవాలైతే' అనే షరతు

పై నిర్వచనంలో 'సమసంభవాలైతే' అనే మాటను చాలామంది విద్యార్థులు చదివి వదిలేస్తారు. గొప్పవాళ్ళు కూడా అక్కడ పొరపాటు పడ్డారు. ఒక నాణేన్ని రెండుసార్లు ఎగురవేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే సంభావ్యత ఎంత? ఈ ప్రశ్నను 18వ శతాబ్దపు ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు దాలంబేర్ 1754లో చర్చించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఇక రెండోసారి వేయనక్కరలేదు కదా అని ఆయన వాదన. అప్పుడు మూడే ఫలితాలు. మొదటిసారే బొమ్మ, మొదట బొరుసు తర్వాత బొమ్మ, రెండుసార్లూ బొరుసు. మూడింటిలో రెండు అనుకూలం, కనుక సంభావ్యత 2/3 అన్నాడు.

ఎక్కడ తప్పిందో గమనించారా? ఆ మూడు ఫలితాలు సమసంభవాలు కావు. 'మొదటిసారే బొమ్మ' అనే దానికి 1/2 అవకాశం ఉంది. మిగిలిన రెండింటికి ఒక్కోదానికి 1/4 మాత్రమే. సరైన ప్రతిరూప ఆవరణ ఇది: బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు. నాలుగింటిలో మూడు అనుకూలం. సంభావ్యత 3/4.

కాబట్టి లెక్కించే ముందు ఫలితాలను పూర్తిగా రాయండి. రెండు పాచికలు వేస్తే మొత్తాలు 2 నుంచి 12 వరకు పదకొండు ఉన్నాయి కదా అని ఒక్కోదానికి 1/11 అనకండి. ఫలితాలు 6 × 6 = 36. వాటిలో మొత్తం 12 రావడానికి ఒకే దారి ఉంది (6, 6). మొత్తం 7 రావడానికి ఆరు దారులు ఉన్నాయి. కనుక ఒకదాని సంభావ్యత 1/36, రెండోదానిది 6/36.

3. 'లేదా' అన్నప్పుడు కూడండి

రెండు ఘటనలు ఒకేసారి జరగడానికి వీలులేకపోతే వాటిని పరస్పర వివర్జిత ఘటనలు అంటారు. ఒక పాచిక మీద ఒకేసారి 2, 5 పడవు. ఇలాంటప్పుడు '2 లేదా 5' సంభావ్యత 1/6 + 1/6 = 1/3.

ఒకేసారి జరగడానికి వీలున్న ఘటనలకు మాత్రం జాగ్రత్త అవసరం.

ఉదాహరణ 1: 52 ముక్కల పేక నుంచి ఒక ముక్క తీస్తే అది రాజు గాని, ఇస్పేటు గాని అయ్యే సంభావ్యత ఎంత?

సాధన: రాజులు 4, ఇస్పేటు ముక్కలు 13. కూడితే 17. కాని ఇస్పేటు రాజును రెండుసార్లు లెక్కపెట్టాం. ఒకసారి తీసివేయాలి. 4 + 13 − 1 = 16. సంభావ్యత 16/52 = 4/13.

దీనినే సంకలన సిద్ధాంతం అంటారు. మొదటి ఘటన లేదా రెండో ఘటన జరిగే సంభావ్యత, వాటి సంభావ్యతల మొత్తం నుంచి రెండూ కలిసి జరిగే సంభావ్యతను తీసివేస్తే వస్తుంది.

ఇక్కడే ఇంకొక ఉపాయం నేర్చుకుందాం. ఒక ఘటన జరగకపోవడాన్ని దాని పూరక ఘటన అంటారు. జరిగే సంభావ్యత, జరగని సంభావ్యత కలిపితే 1. ప్రశ్నలో 'కనీసం ఒకటి' అనే మాట కనబడితే, 'ఒక్కటీ కాదు' అనే దాని సంభావ్యత కనుక్కొని 1 నుంచి తీసివేయడం సులభం. పై నాణేల లెక్కలో 'ఒక్క బొమ్మా పడదు' సంభావ్యత 1/4. కనుక కనీసం ఒక బొమ్మ సంభావ్యత 1 − 1/4 = 3/4.

4. 'మరియు' అన్నప్పుడు గుణించండి, కాని ఒక షరతు మీద

ఒక ఘటన జరగడం గాని జరగకపోవడం గాని రెండో ఘటన సంభావ్యతను ఏమాత్రం మార్చకపోతే ఆ రెండింటినీ స్వతంత్ర ఘటనలు అంటారు. స్వతంత్ర ఘటనలు రెండూ జరిగే సంభావ్యత వాటి సంభావ్యతల లబ్ధం.

ఇప్పుడు టాస్ సంగతి చూద్దాం. ఒక టాస్ ఓడే సంభావ్యత 1/2. రెండు వరుసగా ఓడే సంభావ్యత 1/2 × 1/2 = 1/4. ఇలా 20 సార్లు గుణిస్తే 1/10,48,576 వస్తుంది. అంటే పది లక్షల్లో ఒకటి కంటే కొంచెం తక్కువ.

మరి 21వ టాస్? అది 1/2. అంతకు ఎక్కువా కాదు, తక్కువా కాదు. నాణేనికి జ్ఞాపకశక్తి లేదు. అంతకుముందు 20 సార్లు ఏం జరిగిందో దానికి తెలియదు. 'ఇక నుంచి 20 సార్లు వరుసగా ఓడతాం' అనే ఘటన చాలా అరుదు. '20 సార్లు ఓడిన తర్వాత 21వ సారి ఓడతాం' అనేది మామూలు ఘటన. ఈ రెంటినీ కలిపేసినందువల్ల మీ మిత్రులిద్దరూ తప్పే చెప్పారు. విశాఖలో భారత్ టాస్ గెలిచింది కనుక మొదటి మిత్రుడి మాట నిజమైనట్టు కనిపిస్తుంది. ఫలితం కలిసివచ్చినా ఆయన తర్కం మాత్రం తప్పే.

గుణకార సూత్రంతో, పూరక ఘటన ఉపాయంతో ఒక ప్రసిద్ధ సమస్య సాధిద్దాం. 1654లో ఫ్రాన్సులో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞుల మధ్య ఉత్తరాలు నడిచాయి. ఇప్పుడు మనం చదువుకొనే సంభావ్యతా సిద్ధాంతానికి పునాది ఆ ఉత్తరాలే. వాటిలో చర్చకు వచ్చిన ఒక ప్రశ్న ద మేరే అనే జూదరి అడిగినది.

ఉదాహరణ 2: ఒక పాచికను 4 సార్లు వేస్తే కనీసం ఒకసారి 6 పడడం, రెండు పాచికలను కలిపి 24 సార్లు వేస్తే కనీసం ఒకసారి రెండింటి మీదా 6 పడడం, ఈ రెంటిలో దేనికి అవకాశం ఎక్కువ?

సాధన: పైకి చూస్తే రెండూ సమానంగా కనిపిస్తాయి. ఒక పాచికకు 6 ఫలితాలు, 4 ప్రయత్నాలు. రెండు పాచికలకు 36 ఫలితాలు, 24 ప్రయత్నాలు. 4/6, 24/36 రెండూ 2/3. కాని లెక్క చేద్దాం. ఒక వేతలో 6 పడకపోయే సంభావ్యత 5/6. నాలుగింటిలోనూ పడకపోయే సంభావ్యత 5/6 ను నాలుగుసార్లు గుణిస్తే 625/1296. కనీసం ఒకసారి పడే సంభావ్యత 671/1296, అంటే దాదాపు 0.518. ఇక రెండో పందెంలో 35/36 ను 24 సార్లు గుణించి 1 నుంచి తీసివేస్తే దాదాపు 0.491. మొదటిది సగానికి పైన, రెండోది సగానికి కింద!

ఒక్కో వేతకు అవకాశం 1/6 కదా, నాలుగు వేతలకు 4/6 అని కూడేవారికి ఒక ప్రశ్న. అలాగైతే ఏడు వేతలకు 7/6 అవుతుంది. 1 కంటే ఎక్కువ సంభావ్యత ఉంటుందా?

5. ఒక ఘటన రెండోదాన్ని మారిస్తే

ఉదాహరణ 3: ఒక పెట్టెలో 10 బల్బులు ఉన్నాయి. వాటిలో 3 పనిచేయవు. చూడకుండా వరుసగా రెండు తీస్తే రెండూ పనిచేయనివే అయ్యే సంభావ్యత ఎంత?

సాధన: మొదటిది పనిచేయనిది అయ్యే సంభావ్యత 3/10. దాన్ని తిరిగి పెట్టెలో వేయలేదు. ఇప్పుడు 9 బల్బులు మిగిలాయి, వాటిలో 2 పనిచేయవు. కనుక రెండోదానికి 2/9. రెండూ జరిగే సంభావ్యత 3/10 × 2/9 = 6/90 = 1/15.

ఇక్కడ 2/9 అనేది 'మొదటి బల్బు పనిచేయనిదని తెలిసిన తర్వాత' వచ్చిన సంభావ్యత. దీనిని షరతుతో కూడిన సంభావ్యత అంటారు. గుణకార సిద్ధాంతం అసలు రూపం ఇదే. మొదటి ఘటన సంభావ్యతను, అది జరిగిందని తెలిసిన తర్వాత రెండో ఘటనకు ఉన్న సంభావ్యతతో గుణించాలి. ఘటనలు స్వతంత్రాలైతే ఆ షరతు ఏమీ మార్చదు కాబట్టి నేరుగా గుణిస్తాం.

కాబట్టి గుణించే ముందు ప్రతిసారీ ఒక ప్రశ్న అడగండి: మొదటిది జరిగిందని తెలిస్తే రెండోదాని అవకాశం మారుతుందా?

6. అనుకూల, ప్రతికూల నిష్పత్తులు

సంభావ్యతను ఇంకొక విధంగా కూడా చెబుతారు. ఇంగ్లీషులో దీనిని ఆడ్స్ అంటారు. సంభావ్యతలో అనుకూల ఫలితాలను మొత్తం ఫలితాలతో పోలుస్తాం. ఇక్కడ అనుకూల ఫలితాలను ప్రతికూల ఫలితాలతో పోలుస్తాం.

పాచిక మీద 6 పడడానికి 1 ఫలితం అనుకూలం, 5 ప్రతికూలం. అనుకూల నిష్పత్తి 1 : 5. ప్రతికూల నిష్పత్తి 5 : 1. సంభావ్యత మాత్రం 1/6. చాలామంది 1 : 5 ను 1/5 గా మార్చి మార్కులు పోగొట్టుకుంటారు. అనుకూల నిష్పత్తిలో మొదటి సంఖ్యను రెండు సంఖ్యల మొత్తంతో భాగిస్తేనే సంభావ్యత వస్తుంది.

ఉదాహరణ 4: ఒక ఘటనకు ప్రతికూల నిష్పత్తి 3 : 2. అది జరిగే సంభావ్యత ఎంత?

సాధన: ప్రతికూలం 3, అనుకూలం 2, మొత్తం 5. సంభావ్యత 2/5.

పందేలు కాసేవారు వాడేది ఈ భాషే. అందులోని కిటుకు తెలిస్తే మీరు వాటి జోలికి పోరు. రెండు జట్ల మ్యాచ్‌లో పందెం నిర్వాహకుడు రెండు జట్లకూ 4 : 5 ప్రతికూల నిష్పత్తి ఇచ్చాడనుకోండి. అంటే 5 రూపాయలు కాస్తే, గెలిస్తే 4 రూపాయలు లాభం. దీనిని సంభావ్యతగా మారిస్తే ఒక్కో జట్టుకు 5/9. రెండూ కలిపితే 10/9. మ్యాచ్ టై కాదనుకుంటే ఈ మొత్తం 1 కావాలి కదా! మిగిలిన 1/9 నిర్వాహకుడి జేబులోకి వెళ్ళేది. పరీక్షించి చూడండి. రెండు జట్ల మీదా 500 చొప్పున మొత్తం 1000 రూపాయలు కాస్తే, ఎవరు గెలిచినా మీకు తిరిగి వచ్చేది 500 + 400 = 900 రూపాయలు. మ్యాచ్ మొదలుకాకముందే 100 రూపాయలు పోయాయి.

7. రక్త పరీక్ష చెప్పే లెక్క

ఇక పాచికలు, పేకలు పక్కన పెడదాం. తలసేమియా అనే వ్యాధి గురించి మీరు వినే ఉంటారు. తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలకు జీవితాంతం తరచుగా రక్తం ఎక్కించవలసి వస్తుంది. ఇది తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా వస్తుంది. లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్నవారిని వాహకులు అంటారు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పరీక్ష చేయించుకోకపోతే తాము వాహకులమని వారికే తెలియకపోవచ్చు. లోపమున్న జన్యువులు రెండూ, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి, వస్తేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. సికిల్‌సెల్ రక్తహీనత కూడా ఇదే పద్ధతిలో సంక్రమిస్తుంది. దాని నిర్మూలన కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులే అనుకుందాం. తల్లి నుంచి లోపమున్న జన్యువు రావడానికి 1/2, తండ్రి నుంచి రావడానికి 1/2. ఇది రెండు నాణేలు ఎగురవేయడం లాంటిదే. బిడ్డకు వ్యాధి వచ్చే సంభావ్యత 1/4. వాహకమయ్యే సంభావ్యత 2/4. లోపమున్న జన్యువు ఒక్కటీ రాని సంభావ్యత 1/4.

ఈ 1/4 ను 'నలుగురు పిల్లల్లో ఒకరికి' అని చెబుతారు. ఇక్కడే ప్రమాదకరమైన అపోహ పుడుతుంది. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదని కొందరు దంపతులు నమ్ముతారు. లేదా బంధువులు ధైర్యం చెబుతారు. నాణేనికి జ్ఞాపకశక్తి లేనట్టే జన్యువులకూ లేదు. ప్రతి కాన్పుకూ సంభావ్యత మళ్ళీ 1/4 నే. నలుగురు పిల్లలున్న అలాంటి కుటుంబంలో సరిగ్గా ఒక్కరికే వ్యాధి వచ్చే సంభావ్యత 4 × 1/4 × 27/64 = 27/64, అంటే సగం కూడా కాదు. ఇద్దరు పిల్లలున్న కుటుంబంలో కనీసం ఒకరికి వచ్చే సంభావ్యత 1 − 3/4 × 3/4 = 7/16.

ఉదాహరణ 5: అలాంటి కుటుంబంలో తమ్ముడికి వ్యాధి ఉంది. అక్క ఆరోగ్యంగా ఉంది. ఆమె వాహకురాలయ్యే సంభావ్యత ఎంత?

సాధన: 2/4 అని తొందరపడకండి. ఆమెకు వ్యాధి లేదని మనకు ముందే తెలుసు. నాలుగు సమసంభవ ఫలితాలలో ఒకటి కొట్టివేయాలి. మిగిలిన మూడింటిలో రెండు వాహకత్వానివి. కనుక 2/3. అనుకూల నిష్పత్తి 2 : 1. పెళ్ళికి ముందు ఆమె రక్త పరీక్ష చేయించుకోవడం ఎంత అవసరమో ఈ భిన్నం చెబుతుంది.

ఇప్పుడు మన ఇళ్ళలో మామూలుగా వినిపించే ఒక సందర్భం తీసుకుందాం: మేనరికం. ఒక యువకుడు వాహకుడని పరీక్షలో తేలింది. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి ఇంకా పరీక్ష చేయలేదు. ఆమె వాహకురాలయ్యే సంభావ్యత ఎంత?

ఆమె బంధువు కాకపోతే, ఆ ప్రాంతపు ప్రజల్లో వాహకులు ఎంతమంది ఉంటారో అంత. లెక్క కోసం 1/25 అనుకుందాం. ఇక్కడ యువకుడి ఫలితం అమ్మాయి ఫలితాన్ని మార్చదు. వారికి పుట్టే బిడ్డకు వ్యాధి వచ్చే సంభావ్యత 1/25 × 1/4 = 1/100.

ఆమె అతని అక్క కూతురు అయితే? అతని జన్యువు అతని తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది. అదే జన్యువు అతని అక్కకు కూడా వచ్చే సంభావ్యత 1/2. అక్క నుంచి ఆమె కూతురికి వచ్చే సంభావ్యత 1/2. కనుక అమ్మాయి వాహకురాలయ్యే సంభావ్యత 1/4. బిడ్డకు వ్యాధి వచ్చే సంభావ్యత 1/4 × 1/4 = 1/16. మేనమామ కూతురైతే ఇంకొక మెట్టు పెరుగుతుంది. ఆ జన్యువు అతనికి తల్లి వైపు నుంచి రావడానికి 1/2, మేనమామకూ అదే ఉండడానికి 1/2, మేనమామ నుంచి కూతురికి రావడానికి 1/2. మొత్తం 1/8. బిడ్డకు 1/32. (ఆ కుటుంబంలోకి ఈ జన్యువు ఒకే వ్యక్తి ద్వారా వచ్చిందని మనం అనుకున్నాం.)

1/100 ఎక్కడ, 1/16 ఎక్కడ? ఆరు రెట్లకు పైగా తేడా. కారణం, ఒకే కుటుంబంలో ఇద్దరి జన్యువులు స్వతంత్ర ఘటనలు కావు. ఒకరికి ఉందని తెలిస్తే రెండోవారికి ఉండే అవకాశం పెరుగుతుంది. అయితే ఈ భిన్నాలన్నీ అమ్మాయికి పరీక్ష చేయనంత వరకే. పరీక్షలో ఆమె వాహకురాలు కాదని తేలితే ఈ వ్యాధి విషయంలో భయం లేదు. అవునని తేలితే సంభావ్యత 1/4 అవుతుంది. అప్పుడు వైద్యుల సలహాతో ముందుగానే నిర్ణయం తీసుకోవచ్చు. సంభావ్యత మనకు తెలిసిన సమాచారం మీద ఆధారపడుతుంది. సమాచారం పెరిగితే అది మారుతుంది.

8. తప్పు గుణకారం, ఒక తల్లి

స్వతంత్రమా కాదా అనే ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో ఇంగ్లండులో జరిగిన ఒక కేసు చెబుతుంది. శాలీ క్లార్క్ అనే న్యాయవాదికి పుట్టిన ఇద్దరు మగపిల్లలు, ఒకరు 1996లో, ఒకరు 1998లో, నెలల పసివాళ్ళుగా ఉండగానే హఠాత్తుగా చనిపోయారు. ఆమే చంపిందని పోలీసులు కేసు పెట్టారు. విచారణలో పిల్లల వైద్య నిపుణుడు ఒకరు ఒక లెక్క చెప్పారు. అలాంటి సంపన్న కుటుంబంలో, పొగ తాగనివారి ఇంట్లో, కారణం తెలియని ఆకస్మిక శిశు మరణం సంభావ్యత 1/8543. ఇద్దరు పిల్లలు అలా చనిపోవాలంటే 1/8543 × 1/8543. అంటే 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి! 1999 నవంబరులో ఆమెకు యావజ్జీవ కారాగార శిక్ష పడింది.

మనం అడగవలసిన ప్రశ్న అడుగుదాం. మొదటి బిడ్డ అలా చనిపోయిందని తెలిస్తే రెండో బిడ్డకు ఆ అవకాశం మారుతుందా? ఇద్దరూ అన్నదమ్ములు. తల్లిదండ్రులు ఒకరే, జన్యువులు ఆ తల్లిదండ్రులవే, పెరిగిన ఇల్లు ఒకటే. కుటుంబంలో తెలియని లోపమేదైనా ఉంటే అది ఇద్దరికీ రావచ్చు. ఈ ఘటనలు స్వతంత్రాలని అనుకోవడానికి ఆధారం లేదు. కనుక నేరుగా గుణించడం తప్పు. బ్రిటన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో బహిరంగ ప్రకటన చేసి, ఆ సంఖ్యకు గణాంక శాస్త్రపరంగా ఆధారం లేదని చెప్పింది.

రెండో తప్పు ఇంకా సూక్ష్మమైనది. ఆ సంఖ్య సరైనదే అనుకున్నా, అది 'ఆమె నిర్దోషి అయ్యే సంభావ్యత' కాదు. ఒక లాటరీలో కోటి టికెట్లు ఉంటే ఒక టికెట్టుకు బహుమతి వచ్చే సంభావ్యత కోటిలో ఒకటి. అంతమాత్రాన గెలిచిన మనిషి మోసం చేశాడనే సంభావ్యత చాలా ఎక్కువ అంటామా? అనం. ఒక తల్లి తన ఇద్దరు పసిబిడ్డలనూ చంపడం కూడా చాలా చాలా అరుదైన ఘటనే. ఈ రెండు అరుదైన ఘటనలను ఒకదానితో ఒకటి పోల్చాలి. అంటే నిష్పత్తి వేయాలి. ఒకదాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు.

చివరకు 2003 జనవరిలో రెండో అప్పీలులో ఆమె విడుదలైంది. దాచిపెట్టిన వైద్య పరీక్ష ఫలితాలు బయటపడడం అందుకు ముఖ్య కారణం. మూడేళ్ళకు పైగా జైలులో గడిపిన ఆమె 2007లో మరణించింది. తప్పు గుణకారం పరీక్షలో అయితే రెండు మార్కులు పోగొడుతుంది. న్యాయస్థానంలో ఏం చేయగలదో చూశారు కదా.

9. సారాంశం

• ఫలితాలు సమసంభవాలేనా అని చూసుకున్న తర్వాతే లెక్కపెట్టండి.
• 'లేదా' అన్నప్పుడు కూడండి. రెండూ కలిసి జరిగే భాగాన్ని ఒకసారి తీసివేయండి.
• 'కనీసం ఒకటి' అన్నప్పుడు పూరక ఘటనతో సాధించండి.
• 'మరియు' అన్నప్పుడు గుణించండి. గుణించే ముందు ఘటనలు స్వతంత్రాలా కాదా అని అడగండి. కాకపోతే షరతుతో కూడిన సంభావ్యత వాడండి.
• అనుకూల నిష్పత్తి 1 : 3 అంటే సంభావ్యత 1/4. 1/3 కాదు.
• గతంలో జరిగిన స్వతంత్ర ఘటనలు రాబోయేదాన్ని మార్చవు.

10. అభ్యాసం

1. రెండు పాచికలు వేస్తే మొత్తం 10 గాని అంతకంటే ఎక్కువ గాని వచ్చే సంభావ్యత ఎంత? దాని అనుకూల నిష్పత్తి ఎంత?

2. పేక నుంచి తీసిన ముక్క బొమ్మ ముక్క (రాజు, రాణి, జాకీ) గాని, ఇస్పేటు గాని అయ్యే సంభావ్యత ఎంత?

3. ఒక ఘటనకు ప్రతికూల నిష్పత్తి 7 : 2. అది జరిగే సంభావ్యత ఎంత?

4. ఒక సంచిలో 5 ఎర్ర బంతులు, 4 తెల్ల బంతులు ఉన్నాయి. తిరిగి వేయకుండా రెండు తీస్తే రెండూ ఎర్రవే అయ్యే సంభావ్యత ఎంత?

5. తల్లిదండ్రులిద్దరూ తలసేమియా వాహకులు. ముగ్గురు పిల్లలుంటే కనీసం ఒకరికి వ్యాధి వచ్చే సంభావ్యత ఎంత?

6. ఒక సాయంత్రం మీ ఇంట్లో కరెంటు పోయే సంభావ్యత 1/10. పక్కింట్లో పోయే సంభావ్యత కూడా 1/10. రెండిళ్ళలోనూ కరెంటు పోయే సంభావ్యత 1/100 అని చెప్పవచ్చా?

సమాధానాలు: 1) 1/6, 1 : 5. 2) 12 + 13 − 3 = 22, కనుక 22/52 = 11/26. 3) 2/9. 4) 5/9 × 4/8 = 5/18. 5) 1 − 27/64 = 37/64. 6) చెప్పకూడదు. రెండిళ్ళకూ కరెంటు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తూ ఉండవచ్చు. ఒక ఇంట్లో పోయిందంటే రెండో ఇంట్లోనూ పోయే అవకాశం బాగా పెరుగుతుంది.

ఆరో ప్రశ్నకు సమాధానం చూడకుండానే కారణం చెప్పగలిగారా? అయితే ఈ పాఠం మీకు అర్థమైనట్టే. ఈసారి పత్రికలోనో, టీవీలోనో 'కోటిలో ఒకటి' అనే మాట వినిపించినప్పుడు ఆ సంఖ్యను ఎలా గుణించి తెచ్చారో ఒకసారి అడిగి చూడండి.